పీసా టవర్ పైకి ఎక్కాలా, కింది నుంచే చూసి రావాలా?

సిరిమువ్వ:
మే నెలాఖరులో ఫ్లోరెన్స్‌లో నాలుగు రోజులు ఉంటున్నాం. అందులో ఒక రోజు పీసాకు, అక్కడి ఒరిగిన టవర్‌కు కేటాయించాం. నేను, మా వారు, ఏడేళ్ల మా బాబు, అరవై నాలుగేళ్ల మా అత్తయ్య వస్తున్నాం. అత్తయ్య పైదాకా ఎక్కి తీరతానంటున్నారు. మా వారికి ఎత్తు నుంచి చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి ఆయన రారు. బాబు ఇప్పటి నుంచే గంతులేస్తున్నాడు. టికెట్టు మనిషికి 20 యూరోల దాకా ఉంది. అంత పెట్టి ఎక్కడం దండగా, కాదా? ముఖ్యంగా అత్తయ్య మోకాళ్ల గురించి నాకు బెంగగా ఉంది. ఎక్కినవాళ్లు చెప్పండి.

నిదానపు నడక:
మోకాళ్ల కంటే ముందు బాబు సంగతి చూసుకోండి. ఎనిమిదేళ్లు నిండని పిల్లలను పైకి పంపరు. చేయి పట్టుకుంటామన్నా, ఎత్తుకుంటామన్నా ఒప్పుకోరు. మేం వెళ్లినప్పుడు గేటు దగ్గర ఒక పిల్లాడు ఏడ్చిన ఏడుపు ఇంకా గుర్తుంది. ఈ మాట ఇంట్లోనే చెప్పేయండి, అక్కడికి తీసుకువెళ్లి చెప్పకండి.

మరో మాట. చేతి సంచీతో సహా ఏ సంచీ లోపలికి రానివ్వరు. పక్కనే సామాన్ల గదిలో పెట్టి వెళ్లాలి. ఫోను, కెమెరా ఉండవచ్చు.

సిరిమువ్వ:
అయ్యో, ఇది నాకు తెలియదు. ధన్యవాదాలు. అయితే మా వారు, బాబు కింద ఉంటారు. వాళ్లిద్దరూ ఆ అరగంట ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి!

మెట్టు మీద మెట్టు:
నేను రెండేళ్ల క్రితం అక్టోబరులో ఎక్కాను. మోకాళ్ల సంగతి తర్వాత, ముందు అరికాళ్ల సంగతి చెబుతాను.

లోపలికి వెళ్లగానే ఒక గుండ్రటి గది వస్తుంది. గోడ మీద చేప బొమ్మ చెక్కి ఉంటుంది, అందుకని దాన్ని చేప గది అంటారు. అక్కడ తల పైకెత్తితే టవర్ నడుమంతా బోలు అని తెలుస్తుంది. మెట్లు ఆ బోలులో లేవు, బయటి గోడకూ లోపలి గోడకూ మధ్య ఉన్న సందులో చుట్టూ తిరుగుతూ పైకి వెళ్తాయి. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే ఒకరు పక్కకు ఒదిగి నిలబడాల్సిందే.

ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే, ఎవరో భుజం పట్టి నెట్టినట్టు ఒళ్లు బయటి గోడ మీదికి వాలుతుంది. అర చుట్టు తిరిగేసరికి లోపలి గోడ మీదికి వాలుతుంది. వాలు దిశగా వెళ్తున్నప్పుడు మెట్లెక్కుతున్నట్టే ఉండదు, చదును నేల మీద నడుస్తున్నట్టుంటుంది. దానికి ఎదురు తిరిగామా, అవే మెట్లు నిలువుగా లేచి నిలబడతాయి. పడవలో నిలబడినట్టు ఉంటుంది, కానీ పడవ కదలదు. కళ్లు నమ్మవు, కాళ్లు మాత్రం ఒప్పేసుకుంటాయి.

ఒక్కసారి ఆగి మెట్ల వంక చూడండి. పాలరాయి అరిగి గిన్నెలా గుంట పడి ఉంటుంది. అయితే గుంట అన్ని మెట్లకూ ఒకే చోట ఉండదు. ఒక వైపు మెట్లు బయటి గోడకు దగ్గరగా అరిగితే, దానికి ఎదుటి వైపు మెట్లు లోపలి గోడకు దగ్గరగా అరిగాయి. ఇన్ని వందల ఏళ్లు ఎక్కినవాళ్లందరూ నాలాగే అటూ ఇటూ తూలారన్నమాట! నాకు పైనుంచి చూసిన ఊరి కంటే ఈ మెట్లే ఎక్కువ గుర్తున్నాయి.

ఇక మోకాళ్లు. లిఫ్టు లేదు. నడుమ కూర్చునే చోటు లేదు. మీ అత్తయ్యగారు ఇంట్లో నాలుగైదు అంతస్తులు ఆగి ఆగి ఎక్కగలిగితే ఇది కూడా ఎక్కుతారు. కష్టమంతా దిగేటప్పుడే. వాన పడితే ఆ అరిగిన రాయి సబ్బు రాసినట్టు జారుతుంది. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి.

ఎర్రమన్ను:
మెట్ల గురించి చక్కగా రాశారు. నేను పునాదుల పని చేసేవాణ్ణి. ఎక్కే ముందు నాలుగు మాటలు తెలిస్తే ఆ తూలడం ఎందుకో అర్థమవుతుంది.

1173లో మొదలుపెట్టారు. కింద మెత్తటి బంకమట్టి, పునాది లోతు మూడు మీటర్లు. పైన పెట్టిన బరువు సుమారు 14,500 టన్నులు. మూడో అంతస్తుకు వచ్చేసరికే ఒరిగింది, 1178లో పని ఆగింది. తర్వాత యుద్ధాల వల్ల దాదాపు వందేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఆలస్యమే దాన్ని కాపాడింది. ఆ వందేళ్లలో మట్టి నొక్కుకుని గట్టిపడింది. ఆపకుండా కట్టి ఉంటే అప్పుడే కూలేదని మా రంగంలో అందరూ చెప్పే మాట. 1272లో మళ్లీ మొదలుపెట్టినవాళ్లు, ఒరిగిన వైపు రాళ్లు కాస్త ఎత్తుగా పేర్చి సరిచేయబోయారు. అందుకే అది తిన్నగా ఒరిగిన కర్రలా కాకుండా కాస్త అరటిపండులా వంగి ఉంటుంది. దూరం నుంచి ఒక కన్ను మూసి చూడండి, తెలుస్తుంది. ఇది చర్చి గంటల కోసం కట్టిన టవర్. పైన ఉండే ఆ గంటల గది 1372 నాటికి గానీ పూర్తి కాలేదు. కట్టడానికి పట్టింది రెండు వందల ఏళ్లు!

1989లో ఇటలీలోనే పావియా ఊళ్లో ఒక పాత టవర్ ఉన్నట్టుండి కూలి నలుగురు చనిపోయారు. ఆ భయంతో 1990 జనవరిలో పీసా టవర్ మూసేశారు. మొదట ఉత్తరం వైపు సీసపు దిమ్మెలు పేర్చి బరువు పెట్టారు. తర్వాత అసలు పని చేశారు. ఒరిగింది దక్షిణానికి కదా, ఉత్తరం వైపు పునాది కింద నుంచి వాలుగా గొట్టాలు దించి కొద్దికొద్దిగా మట్టి తీశారు. మొత్తం తీసింది 38 ఘనపు మీటర్లే. టవర్ తనంతట తానే ఆ ఖాళీలోకి సర్దుకుని, పై అంచు దాదాపు 45 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది. నెట్టలేదు, లాగలేదు. 2001 డిసెంబరులో మళ్లీ తెరిచారు. పూర్తిగా నిలబెట్టాలని ఎవరూ అనుకోలేదు, నిలబెడితే చూడటానికి ఎవరు వస్తారు!

బాబుకు ఒక పని చెబుతాను. మూరెడు దారానికి తాళంచెవి కట్టి, చేయి చాచి టవర్‌కు ఎదురుగా పట్టుకోమనండి. దారం నిటారుగా ఉంటుంది, దాని పక్కన గోడ ఎంత ఒరిగిందో కళ్లకు కడుతుంది. అయిపోయాక అదే దారంతో పక్కనున్న బాప్టిస్ట్రీని, అంటే బాప్తిస్మం ఇచ్చే గుండ్రటి భవనాన్ని కూడా చూడమనండి. అదీ కాస్త ఒరిగిందే.

ఊరి చివర బస్సు:
నేను ఎక్కలేదు, ఎక్కలేదని బాధ కూడా లేదు. అరగంట కోసం అంత డబ్బు నాకు మనసు రాలేదు. చౌకలో ఉన్న ఉపాయం చెబుతాను. టవర్ ఉన్న మైదానం మూల నుంచే ఊరి పాత కోటగోడ ఎక్కవచ్చు. గోడ మీద దాదాపు మూడు కిలోమీటర్లు నడిచే దారి ఉంది. అక్కడి నుంచి టవర్, కేథడ్రల్, బాప్టిస్ట్రీ మూడూ ఒకే చూపులో వస్తాయి.

కింద మైదానంలో కనిపించేది ఏమిటంటే, ఓ యాభై మంది వరసగా నిలబడి, టవర్‌ను ఆపుతున్నట్టు ఫోటోలో పడాలని గాలిని నెడుతూ ఉంటారు, వాళ్లకు ఎదురుగా నేల మీద పడుకుని ఫోటో తీసేవాళ్లు. టవర్‌ను చూడటం మానేసి వాళ్లనే చూస్తూ కూర్చున్నాను.

గడియారం:
టికెట్టు మీద వేసిన సమయం అంటే సమయమే. మా రైలు నలభై నిమిషాలు ఆలస్యమైంది, మా వంతు పోయింది, డబ్బూ పోయింది. ఫ్లోరెన్స్ నుంచి గంట ప్రయాణమే కదా అని ధీమాగా ఉండకండి, కనీసం గంటన్నర ముందే దిగేలా చూసుకోండి. ప్రధాన స్టేషన్ నుంచి టవర్‌కు నడక పాతిక నిమిషాలు. సాన్ రొస్సోరె అనే చిన్న స్టేషన్ నుంచైతే చాలా దగ్గర. నడిచే ఓపిక ఉంటే మాత్రం ప్రధాన స్టేషన్ దగ్గరే దిగండి, ఆర్నో నది వంతెన దాటి వెళ్లే దారి బాగుంటుంది.

మెట్టు మీద మెట్టు:
అన్నట్టు, టవర్ టికెట్టుతో కేథడ్రల్ కూడా చూడవచ్చు. దానికి వేరే డబ్బు కట్టకండి.

లెక్కల మాస్టారు:
మెట్లు ఎన్నో ఎవరూ చెప్పలేదేమిటి? నేను లెక్కపెడుతూ ఎక్కి మధ్యలో మరిచిపోయాను. 294 అని ఒక చోట, 296 అని మరో చోట రాశారు.

ఎర్రమన్ను:
రెండూ నిజమే మాస్టారూ. పైన ఉత్తరం వైపు మెట్లు దక్షిణం వైపు కంటే రెండు తక్కువ. ఒరిగిన టవర్ మీద గంటల గదిని వీలైనంత మట్టంగా కూర్చోబెట్టడానికి అలా కట్టారు. మీరు ఎటు నుంచి ఎక్కితే మీ లెక్క అది.

లెక్కల మాస్టారు:
అయితే నా లెక్క తప్పలేదు! మరి గెలీలియో ఇక్కడి నుంచే రెండు గుండ్లు జారవిడిచాడంటారు కదా?

నిదానపు నడక:
ఆయన పుట్టింది పీసాలోనే, పాఠాలు చెప్పిందీ ఇక్కడే. గుండ్ల కథ మాత్రం ఆయన శిష్యుడు వివియాని రాసిన జీవిత చరిత్రలోది. చరిత్రకారుల్లో చాలామంది నమ్మరు. పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది, చెప్పేయండి.

సిరిమువ్వ:
వెళ్లి వచ్చాం. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

అత్తయ్య ఎక్కారు. నాలుగు చోట్ల ఆగారు. ఆగిన ప్రతిసారీ వెనక ఉన్నవాళ్లకు దారి ఇవ్వాలని నేను కంగారు పడ్డాను, ఆవిడ మాత్రం గోడకు ఆనుకుని తీరిగ్గా నిలబడ్డారు. "గోడే నన్ను పట్టుకుంటోంది, నువ్వు వదిలేయ్" అన్నారు. పైన ఏడు గంటలున్నాయి. పెద్దదాని దగ్గర నిలబడి దాని తేదీ చదవమన్నారు. నాకు దిగేటప్పుడే కాళ్లు వణికాయి. ఆవిడ బూట్లు నాకంటే మంచివి.

బాబు ఏడవలేదు. దారానికి హోటల్ గది తాళంచెవి కట్టి ఇచ్చాం. పైనుంచి చూస్తే వాడూ వాళ్ల నాన్నా పక్కపక్కన నిలబడి, వాడు ఒక కన్ను మూసి దారం పట్టుకుని ఉన్నాడు. టవర్ అయింది, బాప్టిస్ట్రీ అయింది, దీపస్తంభాలయ్యాయి. మేం దిగేసరికి వాళ్ల నాన్న కూడా నిటారుగా లేరని తేల్చాడు.

ఎర్రమన్ను:
ఎటు ఒరిగారట?

సిరిమువ్వ:
దక్షిణానికే!