పెయిన్.001 చెల్లింపు ఫైళ్లు: స్కీమా నుంచి క్లాసులు పుట్టించాలా, చేత్తో రాసుకోవాలా?

కృష్ణాతీరం:
కంపెనీలు పంపే జీతాల చెల్లింపు ఫైళ్లను చదివి బ్యాంకు లోపలి వ్యవస్థకు అందించే సేవను మా బృందం జావా 17లో కొత్తగా రాస్తోంది. అవన్నీ ఐఎస్‌ఓ 20022 ప్రమాణంలోని పెయిన్.001 సందేశాలే (ఖాతాదారు బ్యాంకును చెల్లింపులు చేయమని కోరే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు) గానీ, కొందరు 03వ వెర్షన్‌లోనూ మరికొందరు 09లోనూ పంపుతున్నారు. ఎక్స్‌జేసీతో స్కీమా (ఫైలులో ఏ ట్యాగులు ఎలా ఉండాలో చెప్పే నిర్వచనం) నుంచి క్లాసులు పుట్టించి, ఎక్స్‌ఎంఎల్‌ను ఆబ్జెక్టులుగా మార్చే జాక్స్‌బీ లైబ్రరీని వాడాలా, లేక ఫైలును ట్యాగు వెంట ట్యాగుగా చదివే స్టాక్స్‌తో చదువుతూ మాకు అవసరమైన ఆబ్జెక్టులను మేమే నింపుకోవాలా?

పాతకాపు:
జాక్స్‌బీయే వాడండి. ఎక్స్‌ఎస్‌డీ, అంటే ఆ స్కీమా ఫైలు, ఇరుపక్షాల మధ్య ఒప్పందం. దాని నుంచి నేరుగా పుట్టిన క్లాసులో ఏ ఫీల్డూ జారిపోదు. చేత్తో రాసిన దానికి ఆ హామీ ఎవరిస్తారు?

సెమికోలన్:
2018లో వచ్చిన జావా 11 నుంచి జాక్స్‌బీ జేడీకేలోనే (జావాతో పాటు వచ్చే పనిముట్ల కట్టలో) లేదు. తొలగించినదాని మీద కొత్త వ్యవస్థను కట్టమనడం సరికాదు.

పాతకాపు:
జేడీకే నుంచి బయటికి వచ్చిందే తప్ప ఆగిపోలేదు. మేవెన్ పామ్ ఫైలులో ఆ లైబ్రరీలను డిపెండెన్సీలుగా చేర్చుకుంటే చాలు.

సెమికోలన్:
మరి ప్యాకేజీ పేరు జావాక్స్ నుంచి జకార్తాకు మారిన సంగతో? పాత పేరుతో ఉన్న అనొటేషన్లను (క్లాసులపై పెట్టే గుర్తులను) కొత్త లైబ్రరీ గుర్తించదు. స్ప్రింగ్ బూట్ 3కు మారినప్పుడు మా బృందం పుట్టించిన క్లాసులన్నింటినీ మళ్లీ పుట్టించి, వాటిని వాడిన ప్రతి చోటా దిద్దుకోవలసి వచ్చింది.

ఓరుగల్లు_కోట:
అసలు చిక్కు రెండు వెర్షన్ల దగ్గర ఉంది. నేమ్‌స్పేస్‌లోనే (ట్యాగులు ఏ స్కీమావో చెప్పే పేరులోనే) వెర్షన్ సంఖ్య ఉంటుంది కనుక 03కు ఒక ప్యాకేజీ, 09కి మరొకటి, రెండింటిలోనూ అవే పేర్లతో వేరువేరు క్లాసులు వస్తాయి. 03లో చెల్లింపు కోరిన తేదీ ఉత్త తేదీ మాత్రమే. 09లో అది తేదీ గానీ తేదీ–సమయం గానీ కావచ్చు. బ్యాంకు కోడ్ ట్యాగు పేరు కూడా బీఐసీ నుంచి బీఐసీఎఫ్ఐగా మారింది. ఎలాగూ ఈ రెండింటినీ మీ సొంత చెల్లింపు ఆబ్జెక్టులోకి మార్చే కోడ్ రాయక తప్పదు. అలాంటప్పుడు మధ్యలో ఆ వందల క్లాసులు దేనికి? పైగా ఫైలు మొత్తం మెమరీలోకి ఎక్కుతుంది.

పాతకాపు:
ఎక్కనక్కరలేదు. స్టాక్స్ రీడర్‌తో ఒక్కో చెల్లింపు ట్యాగు దాకా నడిచి, ఆ ముక్కను మాత్రమే అన్‌మార్షలర్‌కు (ఎక్స్‌ఎంఎల్‌ను ఆబ్జెక్టుగా మార్చే జాక్స్‌బీ భాగానికి) ఇవ్వవచ్చు.

నిశాంతం:
ఏది ఎంచుకున్నా బయటి ఎంటిటీలనూ (ఇతర ఫైళ్లను లాగమనే సూచనలను), వాటిని ప్రకటించే డీటీడీనీ ముందు ఆపేయండి. బయటివారు పంపే ఫైళ్లు ఇవి.

ఓరుగల్లు_కోట:
ముక్కలుగా చదివితే అన్‌మార్షలర్‌కు స్కీమా తగిలించలేరు. ఆ లోపలి ట్యాగు స్కీమాలో గ్లోబల్ ఎలిమెంటు (విడిగా నిలబడగల ట్యాగు) కాదు కనుక ప్రతి ముక్కా తప్పుగానే తేలుతుంది. స్కీమా లేకపోతే ఏమవుతుందో నేను అనుభవించాను. మునుపు పనిచేసిన చోట ఒక ఫైలులో మొత్తాన్ని 1,25,000.00 అని కామాలతో రాసి పంపారు. జాక్స్‌బీ ఏ ఎక్సెప్షనూ విసరకుండా ఆ ఫీల్డును నల్‌గా (ఖాళీగా) వదిలేసింది, తరువాతి కోడ్ దాన్ని సున్నాగా తీసుకుంది. పుట్టించిన కోడ్‌లో తప్పు ఉండదని వాదించి నింద నా మీద వేశారు.

పాతకాపు:
వాలిడేషన్ పెట్టకపోవడం మీ బృందం లోపం, దాన్ని జాక్స్‌బీకి అంటగట్టకండి. ముందు వాలిడేటర్‌తో ఫైలంతా సరిచూసి తరువాత ముక్కలు చదవండి. అది ఫైలు మొత్తాన్ని మెమరీలో చెట్టుగా కట్టకుండానే చూస్తుంది. చేత్తో రాసిన పార్సర్ ఒకటి నా నెత్తిన పడింది. రాసినాయన వెళ్లిపోయారు. ఏ ట్యాగును కావాలని వదిలేశారో, ఏది మరచిపోయారో చెప్పగలవారు ఆ కార్యాలయంలో ఒక్కరూ లేరు.

ఓరుగల్లు_కోట:
నా ఫిర్యాదు మీకు లోపంగా, మీ ఫిర్యాదు సాక్ష్యంగా కనబడుతోంది! సరే, సూటిగా అడుగుతున్నాను. వేలమంది జీతాలున్న ఫైలులో ఒక్కరి మొత్తం తప్పుగా ఉంటే, మీ వాలిడేటర్ ఫైలంతటినీ తిప్పి పంపుతుంది. ఒకటో తేదీన అందరి జీతాలూ ఆపుతారా? నేను చేత్తో రాయాలంటున్నది ఆ ఒక్క చెల్లింపునే పక్కన పెట్టడానికి.

పాతకాపు:
ఆపుతాను. ఒకదాన్ని పక్కన పెడితే హెడర్‌లోని చెల్లింపుల సంఖ్యతో, మొత్తాల కూడికతో మిగిలినవాటికి పొంతన ఉండదు. అలాంటి ఫైలును బ్యాంకు తన ఊహతో సరిచేయకూడదు.

ఓరుగల్లు_కోట:
ఊహ అక్కరలేదు. జవాబుగా వెళ్లే పెయిన్.002లో పాక్షిక ఆమోదం అనే స్థితి అందుకే ఉంది.

పాతకాపు:
అది మూసేసిన ఖాతా వంటి వాటికి. స్కీమాకే విరుద్ధమైన ఫైలుకు దాన్ని వాడితే, పంపేవారు తమ సాఫ్ట్‌వేర్‌ను ఎన్నటికీ దిద్దుకోరు.

ఓరుగల్లు_కోట:
వారు దిద్దుకునే దాకా జీతం కోసం ఎదురుచూసేది ఉద్యోగి.

కృష్ణాతీరం:
లైబ్రరీ గురించి అడిగితే మేము అసలు తేల్చుకోనిదేమిటో బయటపడింది. స్కీమా తప్పిన ఫైలును పూర్తిగా తిప్పాలా, పాక్షికంగా తీసుకోవాలా అన్నది మా చెల్లింపుల విభాగం రాతపూర్వకంగా చెప్పాలి. ఈలోగా స్టాక్స్‌తో నడిచి జాక్స్‌బీతో ముక్కలు చదివే పద్ధతిలో 03కు నమూనా రాస్తాం. కన్వర్షన్ తప్పు ఏది వచ్చినా ఆ చెల్లింపు దగ్గరే ఆగేలా ఈవెంట్ హ్యాండ్లర్ పెడతాం. ఒక్క ముక్కలో తప్పు దొరికాక రీడర్‌ను తరువాతి చెల్లింపు మొదటికి భద్రంగా చేర్చే పద్ధతి ఎవరైనా అమలు చేసి ఉంటే రాయగలరు.