అప్‌డేట్: సి. ఎలిగాన్స్ గొనాడ్‌లో జీఎఫ్‌పీ కనపడటం లేదన్న నా పాత ప్రశ్న తేలిపోయింది

ముందుగా జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ. సంగతి తెలియని వాళ్ల కోసం: సి. ఎలిగాన్స్ అంటే ల్యాబుల్లో పెంచే చిన్న పురుగు. ఈఎఫ్‌టీ-3 ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే డీఎన్ఏ భాగం) కింద హిస్టోన్‌కి (కేంద్రకంలో డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్) జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) తగిలించిన డీఎన్ఏని పురుగుల్లోకి ఇంజెక్ట్ చేశాం. పేగు, కండరాలు, తల అన్నీ బ్రహ్మాండంగా వెలిగేవి, గొనాడ్‌లోని (పునరుత్పత్తి అవయవం) జెర్మ్ కణాలు (అండాలు, వీర్యకణాలుగా మారేవి) మాత్రం కటిక చీకటి.

అసలు కారణం "అర్రే కదా, జెర్మ్‌లైన్ (అంటే జెర్మ్ కణాలు) దాన్ని నొక్కేస్తుంది" అని ఇక్కడ ఒకరు రాసిందే. ఇంజెక్ట్ చేసిన డీఎన్ఏ క్రోమోజోమ్‌లో చేరకుండా బయట, ఒకే ముక్క పదులూ వందలసార్లు అతుక్కుని పెద్ద గొలుసులా ఉంటుంది (దీన్నే అర్రే అంటారు), శరీర కణాలు దాన్ని చదువుకుంటాయి కానీ జెర్మ్ కణాలు అలాంటి రిపీట్లని పరాయి సరుకుగా చూసి మూసేస్తాయి. ఇది 1997లోనే పేపర్లలో వచ్చిన విషయమట, మా ప్లాస్మిడ్ (ఇంజెక్ట్ చేసిన డీఎన్ఏ ఉంగరం) ఇచ్చిన ల్యాబ్ వాళ్లు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు!

మాస్‌సీఐ (క్రోమోజోమ్‌లో ఎంచుకున్న చోట జీన్‌ని ఒకే కాపీగా చేర్చే పద్ధతి) తో రెండో క్రోమోజోమ్‌లో ఒకే కాపీ పెట్టించాం. ఇప్పుడు ఎల్4 (చివరి లార్వా దశ) పురుగులో గొనాడ్ చివర చిన్న చిన్న కేంద్రకాలు గుత్తుగా వెలుగుతున్నాయి, పెద్ద పురుగుల్లో స్పెర్మథీకా (వీర్యకణాలు నిల్వ ఉండే సంచి) దగ్గర అండాల కేంద్రకాలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. వెలుగు అర్రే కంటే బాగా తక్కువ, ఎక్స్‌పోజర్ పెంచుకోవాలి.

ఫిల్టర్ మార్చడం, డీఎన్ఏ మోతాదు తగ్గించడం, 3 ప్రైమ్ యూటీఆర్ (జీన్ చివర ప్రోటీన్‌గా మారని భాగం) మార్చడం మా కేసులో దండగ. 25 డిగ్రీల్లో పెంచితే కొందరికి పనిచేస్తుంది, మాకు లాభం లేకపోయింది. ఒకే కాపీ కూడా తరాలు గడిచాక ఆరిపోవచ్చు, కాబట్టి వెలుగుతున్నప్పుడే స్టాక్ ఫ్రీజ్ చేసిపెట్టుకోండి.