మూడు ముళ్ల ముక్కు, మడిచిన తోక: కాకినాడ వలలో పడ్డ ఇది ఏ జాతి?

కోరంగి కుర్రోడు:
నమస్తే అండి. మాది తాళ్లరేవు దగ్గర. మా మావయ్య కాకినాడ హార్బర్‌లో బోటు సరంగు. మొన్న నూట ఇరవై బారల లోతున వల లాగితే చెత్త చేపల కుప్పలో పీతకీ రొయ్యకీ మధ్యలా ఉన్న ఇవి నాలుగైదు వచ్చాయి. మేనల్లుడు బీఎస్సీ జువాలజీ కదా అని ఐసులో పెట్టి తెచ్చాడు.

డిప్ప బొటనవేలి గోరంత ఉంది. నారింజ రంగు, డిప్ప మీద అడ్డంగా గీతలు, పెద్ద నల్ల కళ్లు. డెక్కలు ఒంటికంటే పొడవు. తోక కడుపు కిందకి మడుచుకుని ఉంది. డెక్కలు కాక కాళ్లు మూడు జతలే కనిపిస్తున్నాయి. ఒక జత విరిగిపోయిందా? ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే మ్యూనిడాప్సిస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అంటోంది. సోమవారం రికార్డు ఇవ్వాలి, జాతి పేరు లేకపోతే మేడమ్ ఊరుకోరు. టెన్షన్‌గా ఉంది. పైనుంచి తీసిన ఫొటో పెట్టాను.

ఉప్పాడ వల:
అవి పడితే మేం మళ్లీ నీళ్లలోకే తోసేస్తాం తమ్ముడూ. ఒలిస్తే గోటి మీదకి కూడా కండ రాదు.

డిప్పల మేష్టారు:
అలా తీసిపారేయకండి, చిలీ దేశంలో వీటి బంధువుల్ని బోట్లేసుకుని పడతారు. తోక కండ ఒలిచి ఎగుమతి చేస్తారు. మన దగ్గర అంత దొరకవు, అంతే.

బాబూ, కాళ్లేం విరగలేదు. ఐదో జత చాలా చిన్నది, మొప్పల గదిలోకి దూర్చేసి ఉంటుంది. మొప్పలు శుభ్రం చేసుకోవడానికి దాన్ని వాడుతుంది. డిప్ప వెనక అంచు దగ్గర సూదితో మెల్లగా లాగి చూడు. అసలు పీతా కాదు, అసలు రొయ్యా కాదని తేల్చేది ఆ జతే. ఖాళీ గుల్లల్లో దూరి బతికే సన్యాసి పీతల వైపు చుట్టం ఇది. ఇంగ్లీషులో స్క్వాట్ లాబ్‌స్టర్ అంటారు.

ఫోన్ చెప్పింది తప్పు. ముందు కళ్ల మధ్య చూడు. మధ్యలో సన్నటి పొడుగు ముల్లు (అదే ముక్కు), దానికి చెరోపక్క ఒక్కో చిన్న ముల్లు, త్రిశూలంలా ఉన్నాయి కదా? అది మ్యూనిడా అనే ఇంకో ప్రజాతి లక్షణం. మ్యూనిడాప్సిస్‌కి సాధారణంగా ముక్కు ఒక్కటే, పక్క ముళ్లు ఉండవు. కళ్లు చిన్నవి, రంగులేక పాలిపోయి ఉంటాయి. చాలా లోతుల్లో, కొన్నయితే 5000 మీటర్ల కింద కూడా బతుకుతాయి. నీ దానికి నల్లటి పెద్ద కళ్లున్నాయి. ముక్కు వెడల్పుగా, అంచులకి పళ్లతో ఉంటే గలాథియా ప్రజాతి అనుకునేవాణ్ని. ముళ్లు మొత్తం ఐదుంటే యూమ్యునిడా. డిప్ప నున్నగా ఉండి పగడాల మీద దొరికితే యూరోప్టికస్ కావచ్చు. దాని తోక చివరి పలక అడ్డంగా రెండు ముక్కలే. నీదాన్ని విప్పి చూడు, చాలా పలకలు అతికినట్టుంటుంది.

కోరంగి కుర్రోడు:
ఐదో జత దొరికిందండి! వెంట్రుకంత సన్నగా ఉంది. అయితే మ్యూనిడాలో ఏ జాతి?

డిప్పల మేష్టారు:
పైనుంచి తీసిన ఫొటో చూసి జాతి పేరు చెప్పేవాణ్ని నమ్మకు. ఈ స్క్వాట్ లాబ్‌స్టర్లు వెయ్యికి పైగా జాతులున్నాయి. పైగా 2022లో మ్యూనిడా ప్రజాతినే విడగొట్టి అందులోంచి చాలా కొత్త ప్రజాతులు చేశారు, కాబట్టి పాత పుస్తకంలో మ్యూనిడా అని ఉన్నది ఇప్పుడు ఇంకో పేరుతో ఉండొచ్చు.

జాతి తేలేది అటూ ఇటూ తిప్పి చూశాకే. చిన్న మీసం మొదటి కణుపు చివర రెండు ముళ్లుంటాయి, లోపలిది పొడవా, బయటిదా, రెండూ సమానమా చూడు. రొమ్ము పలకల మీద గీతలున్నాయా, గరుకు గింజలున్నాయా చూడు. తోక రెండో ఖండం ముందు అంచున ముళ్లెన్నో లెక్కపెట్టు. లెన్సు కింద ఈ మూడూ ఫొటో తియ్యి.

అంతకంటే ముందు రంగు! సారాలో వేశాక రంగు పోతుంది. ఒకేలా కనిపించే జాతుల్ని విడదీయడానికి డెక్కల మీది ఎరుపు మచ్చలో, పట్టీలో ఒక్కోసారి బాగా పనికొస్తాయి. ఐసులోంచి తీసిన వెంటనే నల్లగుడ్డ మీద పెట్టి తీసెయ్యి. తర్వాత ఒక కాలు తెంపి 95 శాతం ఆల్కహాల్‌లో, మిగతాది 70 శాతంలో వెయ్యి. ఫార్మలిన్ వద్దు, డీఎన్ఏ పాడవుతుంది.

బంగాళాఖాతం లోతుల్లోవి మన దేశంలో ఎవరూ చూడలేదనుకోకు. ఇన్వెస్టిగేటర్ అనే సముద్ర సర్వే ఓడ మీద తిరిగిన ఆల్కాక్ అనే డాక్టరు, కలకత్తా ఇండియన్ మ్యూజియంలోని వాటిని వివరిస్తూ 1901లోనే కేటలాగ్ వేశాడు. నీ ఫొటోలు వచ్చాక అందులోని వర్ణనలతో మొదలుపెట్టి పోల్చుకోవచ్చు.

కోరంగి కుర్రోడు:
మరి సోమవారం ఏం రాయమంటారు?

డిప్పల మేష్టారు:
‘మ్యూనిడిడే కుటుంబం, జాతి నిర్ధారణ కాలేదు’ అని రాయి. మేడమ్ అడిగితే ఐదో జత కాళ్లు చూపించు. సీసాలో వేసే చీటీ మీద మావయ్య చెప్పిన లోతు, వల లాగిన చోటు, తేదీ పెన్సిల్‌తో రాయి. బాల్‌పెన్ను సారాలో కరిగిపోతుంది.