అప్‌డేట్: ర్యాలీ షిఫ్టర్‌లో గేరు వెనక్కి జారే సమస్య తీరింది

సిమ్ రిగ్‌కు (కారు రేసింగ్ గేములు ఆడేందుకు సీటు, స్టీరింగ్ అమర్చుకునే చట్రం) బిగించిన సీక్వెన్షియల్ షిఫ్టర్‌ను (లాగితే ఒక గేరు పెరిగి, నెడితే ఒకటి తగ్గే లివర్) లాగితే మూడో గేరు పడి, వదలగానే మళ్లీ రెండుకు దిగిపోతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

షిఫ్టర్ అడుగుభాగాన్ని ఒక చేత్తో గట్టిగా అదిమిపట్టి, మరో చేత్తో గేర్లు మార్చి చూడమన్న సలహాతోనే అసలు విషయం బయటపడింది. అలా పట్టుకున్నంతసేపూ గేరు ఒక్కసారి కూడా తప్పలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ పని చేసే మేస్త్రి చూసి, కింది 3 మి.మీ. ప్లేటు వంగి తిరిగి లేస్తున్నందువల్ల, లివర్ ఆ ఊపులో నడిమి స్థానం దాటి గేరు తగ్గించే ఎదుటి స్విచ్‌ను తాకుతోందని తేల్చారు. ఆయన 8 మి.మీ. ఇనుప ప్లేటు కోసి, కింద త్రికోణపు ఆసరా వెల్డింగ్ చేసి, రిగ్ చట్రపు అల్యూమినియం ప్రొఫైల్ గాడిలో టీ-నట్లతో (గాడిలో జరిగే నట్లు) బిగించడానికి రంధ్రాలు వేసి ఇచ్చారు. ఆ రంధ్రాలను గుండ్రంగా కాక పొడవుగా వేయించుకోవడం ఎంతో మేలు, ఎందుకంటే ర్యాలీ కార్లలో మాదిరిగా పిడి స్టీరింగ్‌కు జానెడు దూరంలోకి వచ్చేదాకా జరుపుకోవచ్చు.

యూఎస్‌బీ కేబుల్ మార్చడం వల్ల తేడా ఏమీ రాలేదు. ఇందులో ఉన్నవి కేవలం ఆన్-ఆఫ్ స్విచ్‌లే కనుక కాలిబ్రేషన్‌తోనూ (లివర్ కదలికను సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవడం) పనిలేదు. స్ప్రింగ్ పాతదే ఉంది.