కొత్తగా వచ్చాను: ఈ దేశంలో రంగు, రాజకీయం గురించి పెద్దలను ఒకటి అడగాలి

అట్లాంటా, ఎమ్మెస్ విద్యార్థి:

అన్నలకు, అక్కలకు, పెద్దలందరికీ నమస్కారం. ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి అట్లాంటా వచ్చాను. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. 2024 నవంబరు 5 రాత్రి అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చూస్తూ మా గదిలో నలుగురం టీవీ ముందే తెల్లవార్చాం. ట్రంప్ గెలిచాడు. పొద్దున్నే నాన్న ఫోన్ చేసి, "ఇక అక్కడ మనలాంటివాళ్లకి చోటుంటుందా? చదువు అవగానే వచ్చెయ్యరా" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

గదిలో సీనియర్లు చెప్పినవి మూడే ముక్కలు: రాజకీయాలు మాట్లాడకు, చీకటి పడ్డాక మార్టా రైలెక్కకు, నల్లోళ్ల ఏరియాకి అసలు వెళ్లకు. నేనుంటున్నదేమో మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఊరు. మీలో చాలామంది ఒబామా గెలిచిన రోజులు కళ్లారా చూసినవాళ్లు. అప్పటి ఆశ నిజమేనా? నిజమైతే ఇప్పుడు ఏమైపోయింది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫ్రీమాంట్ నుంచి:

తమ్ముడూ, పెద్ద ప్రశ్నకి మిగతావాళ్లు రాస్తారు. ముందు నీ వీసా సంగతి చెప్తాను. డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్లినప్పుడు "మీరు అమెరికా పౌరులా", "ఓటరుగా నమోదు చేయమంటారా" అని అడుగుతారు. 1993 నాటి చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో లైసెన్సుతో పాటే ఓటరు నమోదు కూడా అక్కడే అయిపోతుంది. తొందరలో అవునని టిక్ పెట్టావంటే పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు లెక్క. ఎప్పుడో గ్రీన్ కార్డు దశలో అది బయటపడితే దేశం నుంచి పంపేసేదాకా పోవచ్చు. ప్రతి గడీ నిదానంగా చదివి పెట్టు. ఇంకోటి, గ్రీన్ కార్డు లేనివాళ్లు ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు కూడా చందా ఇవ్వకూడదు. ప్రచారం వాళ్లు అమ్మే టీషర్టు కొన్నా చందా కిందికే వస్తుంది.

ఆల్ఫరెట్టా నుంచి, 2001లో వచ్చినవాణ్ణి:

తమ్ముడూ, మీ నాన్నగారి ఫోన్ సంగతి చదవగానే మా నాన్న గుర్తొచ్చారు. 2008లో ఒబామా గెలిచిన మర్నాడు ఆయన తెనాలి నుంచి ఫోన్ చేసి, "అయితే ఇక అక్కడ రంగు గొడవ తీరిపోయినట్టేనా?" అని అడిగారు. ఆ గొంతులో ఎంత సంతోషమో. మీ నాన్నగారిది సరిగ్గా దాన్ని తిరగేసిన ప్రశ్న. ఇద్దరూ అంత దూరాన కూర్చుని, ఒక్క రాత్రి ఓట్ల లెక్కింపు చూసి ఈ దేశాన్ని తేల్చేసుకుందామనుకున్నారు. ఇక్కడే ఉండి నేనూ అదే చేశాను. నాకు ఓటొచ్చింది 2020లో. అంతకుముందు 19 ఏళ్లు చూసేవాణ్ణే, నీలాగే.

అప్పట్లో మా ఆఫీసు రిసెప్షన్‌లో ఒక నల్లజాతి పెద్దావిడ ఉండేది. పుట్టింది అలబామాలో, సెల్మా దగ్గర. 1965కి ముందు ఆ కౌంటీలో ఓటు వయసున్న నల్లవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి మించి ఓటు లేదు. పేరు రాయించుకోవడానికి ఆవిడ తండ్రి మూడుసార్లు కౌంటీ ఆఫీసుకి వెళ్లాడట. రాజ్యాంగంలోంచి ఏదో ముక్క చదివించి అర్థం చెప్పమనేవారు, ఎలా చెప్పినా తప్పే అనేవారు. 1965 మార్చి 7న ఎడ్మండ్ పెట్టస్ వంతెన దగ్గర ఓటుహక్కు కోసం సాగిన ఊరేగింపు మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డప్పుడు ఆవిడ అన్న అందులో ఉన్నాడు. జాన్ లూయిస్ పుర్రె చిట్లింది ఆ రోజే. ఆయనే తర్వాత మన అట్లాంటా నుంచి 33 ఏళ్లు కాంగ్రెస్‌లో ఉన్నారు. ఆ ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది.

ఒబామా గెలిచిన మర్నాడు నేను స్వీట్ల డబ్బా పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్లాను. ఆవిడ ఫోన్‌లో ఉంది, తమ చర్చి వ్యాన్ గురించి మాట్లాడుతోంది. డిసెంబరు 2న సెనేట్ సీటుకి మళ్లీ పోలింగ్ వచ్చేలా ఉంది, ముసలివాళ్లని తీసుకెళ్లాలి, డ్రైవరు కావాలి అని. ఫోన్ పెట్టేసి, లడ్డూ ముక్క నోట్లో వేసుకుని, "మా నాన్న ఉండి ఉంటే" అని కళ్లు తుడుచుకుంది. అంతే, ఇంకో నంబరు కలిపింది.

డిసెంబరులో వాళ్ల అభ్యర్థి ఓడిపోయాడు. 2013లో సుప్రీంకోర్టు ఓటుహక్కు చట్టానికి వెన్నెముకలాంటి భాగాన్ని కొట్టేసింది. అప్పటిదాకా మన జార్జియాలాంటి రాష్ట్రాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ముందు కేంద్రం అనుమతి తీసుకోవలసి వచ్చేది. తీర్పుతో ఆ అవసరం పోయింది. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ నల్లవాళ్ల చర్చిలో బైబిలు చదువుకుంటున్న 9 మందిని, వాళ్ల మధ్యే కూర్చున్న ఒక తెల్ల కుర్రాడు కాల్చి చంపాడు. ఆ వారం ఆవిడ మొహం చూసి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. ఆదివారం మాత్రం వ్యాన్ తిరిగింది.

2021 జనవరి 5న సెనేట్ రనాఫ్‌లో, అంటే మళ్లీ పెట్టిన పోలింగ్‌లో, ఆవిడా నేనూ ఒకే రోజు ఓటేశాం. రాఫెల్ వార్నాక్ గెలిచారు. జార్జియా నుంచి మొదటి నల్లజాతి సెనేటర్, కింగ్ పనిచేసిన ఎబెనీజర్ చర్చికే పాస్టర్. మర్నాడు వాషింగ్టన్‌లో కాంగ్రెస్ భవనం మీద దాడి జరిగింది. రెండిటికీ మధ్య 24 గంటలు కూడా లేవు. ఇందులో అసలు అమెరికా ఏదని ఎవరైనా అడిగితే ఒకటి తీసి చూపించడం నావల్ల కాదు. ఆ మార్చిలోనే మన రాష్ట్రం, పోలింగ్ కేంద్రానికి 150 అడుగుల లోపల వరసలో నిలబడ్డవాళ్లకి నీళ్ల సీసా ఇవ్వడం కూడా నేరమని చట్టం చేసింది. అప్పటి నుంచి ఆవిడ వ్యాన్ ఎక్కేటప్పుడే అందరి చేతుల్లో సీసాలు పెట్టి పంపిస్తోంది.

2008 నాటి ఆశ ఏమైందని అడిగావు. ఆ వ్యాన్ ఇంకా తిరుగుతోంది. ఈ నవంబరు 6న ఫోన్ చేశాను. ఆవిడకి 80 దాటాయి. గొంతు నీరసంగా ఉంది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వచ్చే ఏడాది సిటీ ఎన్నికలున్నాయి అంది. ఓట్లు లేని రోజుల్లో ఆ వ్యాన్ గురువారాలు ముసలివాళ్లని డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. ఎక్కించి దించే కుర్రవాళ్లు దొరకడం లేదంది.

ఇక "నల్లోళ్ల ఏరియా" అన్న మాట. దాన్ని మీ గదిలోనే ఆపెయ్యండి, బతిమాలుతున్నాను. రాత్రిపూట ఏ ఊళ్లోనైనా జాగ్రత్తగా ఉండాల్సిందే, అది వేరు. ఈ మాటలో ఉన్నది జాగ్రత్త కాదని నాకు తెలుసు, ఎందుకంటే మా నాయనమ్మ "గూడెం వైపు పోకురా" అన్నప్పుడు విన్నది ఇదే గొంతు. 1959లో కింగ్ మన దేశం వచ్చినప్పుడు కేరళలో ఒక దళిత పిల్లల బడికి వెళ్లారు. అక్కడి హెడ్మాస్టరు ఆయన్ని "అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు" అని పిల్లలకి పరిచయం చేశాడట. మొదట మనసు చివుక్కుమందనీ, తర్వాత ఆలోచిస్తే అవును, నేనూ అంటరానివాణ్ణే అనిపించిందనీ 1965 జూలై 4న ఎబెనీజర్ చర్చిలో ఆయనే చెప్పారు. ఆ బడిపిల్లలకి ఒక్క నిమిషంలో తెలిసిన చుట్టరికం మన అపార్ట్‌మెంట్లలో ఏళ్లు గడిచినా తెలియడం లేదు.

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి:

తమ్మీ, మాది కరీంనగర్. నేను ఈసారి ట్రంప్‌కే ఓటేసిన, దాచేదేం లేదు. పైన అన్న రాసింది చదివినంక కాదన బుద్ధి కాలె. కానీ అటు ఓటేసినోళ్లందరికి రంగే లెక్క అనుకుంటే నువ్వు ఈ దేశాన్ని తప్పు అర్థం చేసుకుంటవ్. మా టెక్సస్‌ల స్టార్ కౌంటీ అని మెక్సికో సరిహద్దుల ఉంటది. నూటికి 95 మంది కంటె ఎక్కువ లాటినోలే. అధ్యక్ష ఎన్నికల్ల రిపబ్లికన్, అంటే ట్రంప్ పార్టీ, గెలువక అక్కడ వందేండ్లు దాటింది, ఈసారి గెలిసిండు. వాళ్లనడిగితే సరుకుల ధరలు, సరిహద్దు అంటరు. నాకు నా వ్యాపారం, పన్నులు. ఈసారి ఉపాధ్యక్షునిగ గెలిచిన జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ అమ్మానాయినలు మన తెలుగోళ్లే. చోటు ఉంటదని మీ నాయినకు చెప్పు.

ఇంకోటి కూడ చెప్తేనే నిజం చెప్పినట్టు. వలస వచ్చినోళ్ల మీద ప్రచారంల అన్న మాటలు కొన్ని నాకు నచ్చలె. మొన్న మా బిడ్డను బడిల ఒక పిల్లగాడు "మీ దేశం పో" అన్నడు. అది పుట్టింది ఈడనే. ఇంటికొచ్చి "డాడీ, నాది ఏ దేశం?" అని అడిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలె.

ఓవర్‌ల్యాండ్ పార్క్, కన్సాస్ నుంచి:

"మీ దేశం పో" అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. 2017 ఫిబ్రవరి 22న మా పక్కనే ఒలేతలో, బార్‌లో కూర్చున్న ఇద్దరు మన ఇంజనీర్ల మీద ఒకడు "నా దేశం నుంచి పొండి" అని అరిచి తుపాకీ పేల్చాడు. 32 ఏళ్ల హైదరాబాద్ అబ్బాయి చనిపోయాడు. వాణ్ణి ఆపబోయిన 24 ఏళ్ల తెల్లబ్బాయికి కూడా తూటా తగిలింది. హ్యూస్టన్‌లో భారతీయులు ఇల్లు కొనుక్కోమని ఆ అబ్బాయికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. కాల్చినవాడికి 2018లో యావజ్జీవం పడింది.

ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. రానిది ఒకటి చెప్తాను. ఆ నెలంతా మావారు బయట ఫోన్‌లో తెలుగు మాట్లాడొద్దనేవారు. కొట్లో పిల్లాడు "అమ్మా" అని పిలిస్తే చుట్టూ చూసుకునేదాన్ని. అలాంటి ఒక సాయంత్రం ఎదురింటి నల్లజాతి దంపతులు తలుపు తట్టారు, చిలగడదుంప పై చేసి తీసుకొచ్చారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మా అబ్బాయి రాత్రి బయటికెళ్లిన ప్రతిసారీ నాకు ఇలాగే ఉంటుంది" అంది. నేను నెల రోజులు పడ్డ భయం ఆవిడది జీవితకాలం. అప్పటికి ఏడేళ్లుగా ఎదురెదురుగా ఉంటున్నాం. ఒక్కసారి కూడా వాళ్ల గడప తొక్కలేదు మేము.

తమ్ముడూ, భయపడొద్దని నీకు చెప్పను. చుట్టుపక్కల నలుగురికి నీ పేరు తెలిసేలా ఉండు.

నేపర్‌విల్, ఇల్లినాయ్ నుంచి:

నాయనా, నాకిప్పుడు 76. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని 1973లో చికాగో వచ్చాను. నేనెలా రాగలిగానో అప్పట్లో ఆలోచించనే లేదు. మార్కులు బాగా వచ్చాయి కాబట్టి వచ్చాననుకున్నాను.

1923లో ఇక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తీర్పు ఇచ్చింది. 1946లో కాస్త సడలించి మన దేశం మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా పెట్టారు. దాన్ని మార్చిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది 1965 అక్టోబరు 3న. ఆగస్టులో ఓటుహక్కు చట్టం, అక్టోబరులో ఇది, ఒకే కాంగ్రెస్. రంగును బట్టి ఓటు ఆపకూడదని ఒప్పుకున్నాక, పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని గుమ్మం దగ్గర ఆపడం సమర్థించుకోలేకపోయారు. సెల్మాలో దెబ్బలు తిన్నవాళ్లు తలుపు తీస్తే నేను లోపలికొచ్చాను. ఈ సంగతి తెలియడానికి నాకు 20 ఏళ్లు పట్టింది. నీకు మూడో నెలలోనే చెప్తున్నాను.

1973 డిసెంబరులో చీర మీద స్వెటరుతో డ్యూటీకి వెళ్తే, వార్డులో ఒక నల్లజాతి నర్సు తన కోటు తీసి నాకు తొడిగింది. ఒబామా గెలిచిన 2008 నవంబరు 4 రాత్రి ఇక్కడి గ్రాంట్ పార్కులో ఆవిడా నేనూ పక్కపక్కనే నిలబడ్డాం. రెండు లక్షల పైచిలుకు జనం. అంతమందిలో ఒక పసిపిల్ల ఏడిస్తే వినపడేంత నిశ్శబ్దం వచ్చింది కాసేపు. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ రాత్రి అబద్ధమని ఎవరన్నా నేను ఒప్పుకోను. దాంతో అన్నీ తీరిపోయాయని అప్పుడు కూడా ఆవిడ అనలేదు.

మేరీలాండ్‌లో మొదటి నల్లజాతి గవర్నర్ వెస్ మూర్‌తో పాటు 2023లో లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేసిన అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టిన అమ్మాయి. మీ నాన్నగారికి ఈ సంగతి కూడా చెప్పు.

అట్లాంటా, ఎమ్మెస్ విద్యార్థి:

అందరికీ దండాలు. మీరు రాసినవి అమ్మకీ నాన్నకీ ఫోన్‌లో చదివి వినిపించాను. డాక్టరమ్మగారి కోటు దగ్గర అమ్మ ఏడ్చింది. నాన్న ఏమీ అనలేదు, మొత్తం మళ్లీ ఒకసారి చదవమన్నారు.

నిన్న ఆదివారం మార్టాలో కింగ్ మెమోరియల్ స్టేషన్‌లో దిగి ఎబెనీజర్ చర్చి దాకా నడిచాను. కింగ్ సమాధి చుట్టూ నీళ్లున్నాయి. కొంచెం అవతల గాంధీగారి విగ్రహం ఉంది, ఉందని నాకు తెలియదు. అక్కడ ఒక తాత, మనవరాలికి గాంధీ ఎవరో చెప్తున్నాడు. నన్ను చూసి, "మిగతాది నువ్వు చెప్పు" అన్నాడు. ఉప్పు సత్యాగ్రహం గురించి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ పాప, "ఉప్పుకి కూడా పన్నా?" అని అడిగింది.

ఆల్ఫరెట్టా అన్నా, గురువారాలు నాకు క్లాసు మధ్యాహ్నం 2 తర్వాతే. పొద్దున వ్యాన్‌లో ఎక్కించి దించడానికి నేను వస్తాను, మా గదిలో ఇంకొకడు కూడా వస్తానన్నాడు. నడపడానికి మాత్రం ఇంకా లైసెన్సు రాలేదు. వచ్చే నెల రోడ్ టెస్ట్ ఉంది. ఫ్రీమాంట్ అన్నా, గడులన్నీ చదివే పెడతాను.