ఏడాది నిండకముందే ఇల్లు అద్దెకివ్వాల్సి వస్తోంది. ప్రైమరీ రెసిడెన్స్ (సొంత నివాసం) లోన్‌తో ఇబ్బంది ఉంటుందా?

కొత్తిల్లు

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఇల్లు కొన్నాం. క్లోజింగ్ (సంతకాలు పెట్టి ఇల్లు మా పేరుకొచ్చింది) మార్చి 14న, ఇంట్లో దిగింది ఏప్రిల్ 20న. 10 శాతం డౌన్ పేమెంట్, కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ గ్యారంటీ లేని మామూలు లోన్). అప్లికేషన్‌లో ప్రైమరీ రెసిడెన్స్ అనే పెట్టాం, నిజంగానే ఉంటున్నాం. నేనూ మా ఆవిడా ఇద్దరం లోన్ మీద ఉన్నాం. సెప్టెంబరులో కంపెనీ నన్ను సియాటెల్‌కి మార్చింది. నవంబరు 1కి అక్కడ చేరాలి.

ఇప్పుడే అమ్మితే ఖర్చులన్నీ పోగా చేతికొచ్చేది ఏమీ ఉండదు. అందుకే అద్దెకిద్దామనుకుంటున్నాం. లోన్ పేపర్లలో ఏడాది ఉండాలని రాసుంది. కొందరేమో "నెలనెలా కట్టుకుంటూ పోతే బ్యాంకు పట్టించుకోదు, చెప్పకు" అంటున్నారు. బ్యాంకుకి చెప్పాలా? చెబితే వద్దంటారా? ఇన్సూరెన్స్, ప్రాపర్టీ ట్యాక్స్ సంగతేంటి? ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి దాని పేరు మీదకి మార్చమని కూడా ఒకరు చెప్పారు.

కృష్ణాతీరం

ముందు మీ డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇల్లు తాకట్టు పెట్టిన పత్రం) తీసి 6వ సెక్షన్, ఆక్యుపెన్సీ అని ఉంటుంది, చదవండి. బ్యాంకుల దగ్గర లోన్లు కొనే సంస్థలైన ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ ఫారాల్లో ఉండే విషయం ఇది: సంతకం పెట్టిన 60 రోజుల్లో ఇంట్లో దిగాలి, దిగిన రోజు నుంచి కనీసం ఏడాది సొంత నివాసంగా ఉండాలి. మీరు 37 రోజులకే దిగారు కాబట్టి మొదటి షరతు తీరింది. ఏడాది లెక్క క్లోజింగ్ నుంచి కాదు, దిగిన తేదీ నుంచి. అంటే మీ గడువు వచ్చే ఏప్రిల్ 20. చాలామంది క్లోజింగ్ తేదీ పట్టుకుని నెలా రెండు నెలలు ముందే లీజు రాసేస్తుంటారు.

అదే వాక్యం చివర రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, లెండర్ రాతపూర్వకంగా ఒప్పుకోవడం. సరైన కారణం లేకుండా ఆ అనుమతి నిరాకరించకూడదని కూడా అక్కడే ఉంటుంది. రెండోది, మీ చేతిలో లేని పరిస్థితులు రావడం. కంపెనీ బదిలీ ఈ రెండోదాని కిందికే వస్తుందని వాదించొచ్చు. కానీ వాదన చేతిలో పెట్టుకుని కూర్చునే బదులు మొదటి దారిలో కాగితం తెచ్చుకోవడమే మేలు.

ఆ కాగితం ఎలా తెచ్చుకోవాలంటే:

ఫోన్ చేయొద్దు. కాల్ సెంటర్‌లో ఎవరో "పర్లేదు సార్" అంటే దానికి విలువ లేదు. స్టేట్‌మెంట్ మీద, సర్వీసర్ (నెలవారీ పేమెంట్ తీసుకునే కంపెనీ) వెబ్‌సైట్‌లో ఇన్ఫర్మేషన్ రిక్వెస్ట్‌లకని వేరే చిరునామా ఉంటుంది. పేమెంట్ పంపే చిరునామా కాదది. అక్కడికి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపండి. అందులో లోన్ నంబర్, ఇంటి చిరునామా, క్లోజింగ్ తేదీ, దిగిన తేదీ, బదిలీ ఎప్పుడు తెలిసింది, ఎప్పటికి చేరాలి అన్నీ తేదీలతో రాయండి. "6వ సెక్షన్ కింద నవంబరు 1 నుంచి ఇల్లు అద్దెకివ్వడానికి రాతపూర్వక అనుమతి కోరుతున్నాం" అని ఒక్క వాక్యంలో సూటిగా అడగండి. కంపెనీ ఇచ్చిన బదిలీ ఉత్తరం జతచేయండి. కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి, మీరు అక్కడ నిజంగా ఉన్నారని చూపేవి, రెండు మూడు పెట్టండి.

అదే ఉత్తరంలో లోన్ ఓనర్ ఎవరని కూడా అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి 10 పనిదినాల్లో జవాబివ్వాలని ఫెడరల్ నిబంధన ఉంది. మిగతా సమాచారానికి 5 పనిదినాల్లో అందిందని చెప్పి, 30 పనిదినాల్లో జవాబివ్వాలి. అనుమతికి మాత్రం ఈ గడువు వర్తిస్తుందని అనుకోవద్దు. అందుకే అక్టోబరు దాకా ఆగకుండా ఇవ్వాళే పంపండి.

"చెప్పకు" అనే సలహా గురించి. లోన్ తీసుకునేటప్పుడే ఉండే ఉద్దేశం లేకుండా "ఉంటాను" అని 1003 ఫారంలో (లోన్ అప్లికేషన్) రాస్తే అది మోసం. ఫెడరల్ చట్టంలో 18వ టైటిల్, 1014 సెక్షన్ కింద నేరం, శిక్ష గరిష్ఠంగా 30 ఏళ్లు. మీది అది కాదు. ఉన్నారు, ఆరు నెలలకు పరిస్థితి మారింది. సక్రమంగా ఉన్న మనిషి దాచిపెట్టడం మొదలుపెడితే మాత్రం దొంగలా కనిపిస్తాడు. మీ బదిలీ ఉత్తరం మీద సెప్టెంబరు తేదీ ఉండటమే మీకు పెద్ద అండ. దాన్ని ఆఫీసు మెయిల్‌లో వదిలేయకుండా పీడీఎఫ్ చేసి సొంతంగా దాచుకోండి. ఉద్యోగం మారితే ఆ మెయిల్ మీకు అందదు.

ఇంకోటి, దాచినా దాగదు. ఇన్సూరెన్స్ పాలసీ మారితే కొత్త డిక్లరేషన్ పేజీ (పాలసీ వివరాల కాగితం) సర్వీసర్‌కి వెళ్తుంది. ఉత్తరాలు వెనక్కొస్తాయి. మెయిలింగ్ అడ్రస్ వేరే రాష్ట్రానికి మారుతుంది. క్లోజింగ్ తర్వాత క్వాలిటీ కంట్రోల్ కింద ఆక్యుపెన్సీ తనిఖీలు కూడా జరుగుతాయి.

మామిడితోట

పైన చెప్పినవన్నీ మామూలు కన్వెన్షనల్ లోన్‌కి సరిపోతాయి. కానీ క్లోజింగ్ ఫోల్డర్‌లో రెండో లోన్ ఏదైనా ఉందేమో చూడండి. డౌన్ పేమెంట్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే దానికి విడిగా నోట్ ఉంటుంది. చాలా పథకాల్లో మీరు ఇల్లు ఖాళీ చేసిన రోజే ఆ డబ్బు మొత్తం కట్టాలని ఉంటుంది. అక్కడ ఏడాది దాటినా లాభం లేదు. రైడర్లు (లోన్ పేపర్లకి జతచేసిన అదనపు షరతులు) కూడా ఒక్కొక్కటీ తిప్పి చూడండి.

హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల ఓనర్ల సంఘం) సంగతి ఎవరూ అడగరు గానీ, లెండర్ ఒప్పుకున్నాక కూడా అడ్డం పడేది అదే. దాని నిబంధనల పత్రం సీసీ అండ్ ఆర్స్‌లో "లీజింగ్" అన్న మాట కోసం వెతకండి. కొన్నిచోట్ల అద్దె ఇళ్ల సంఖ్యకి పరిమితి పెట్టి వెయిటింగ్ లిస్ట్ నడుపుతారు. కొన్నిచోట్ల కొన్నాక ఇన్నేళ్లు దాటాకే అద్దెకివ్వాలంటారు. తర్వాత చేసిన సవరణలు అసలు డాక్యుమెంట్‌లో ఉండవు, కౌంటీ రికార్డుల్లో విడిగా రిజిస్టరై ఉంటాయి. సిటీలో రెంటల్ రిజిస్ట్రేషన్ ఉందేమో కూడా కనుక్కోండి.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం నిదానంగా చదవండి. మీకున్నది హెచ్‌ఓ-3, అంటే సొంతింట్లో ఉండేవాళ్ల పాలసీ అయ్యుంటుంది. అది "మీరు నివసించే ఇల్లు" అన్న నిర్వచనం మీద నడుస్తుంది. అద్దెవాళ్లున్నప్పుడు వంటింట్లో మంటలంటుకుంటే, మీరు అక్కడ ఉండటం లేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తోసేయొచ్చు. బ్యాంకు లోన్ మొత్తం ఒకేసారి కట్టమనడం అరుదు. క్లెయిమ్ పోవడం అంత అరుదు కాదు. కాబట్టి డీపీ-3, అంటే ల్యాండ్‌లార్డ్ పాలసీకి మారాలి.

ఏజెంట్‌ని ఇవి అడగండి. ఇంటికి రీప్లేస్‌మెంట్ కాస్ట్ (కొత్తది వేయడానికయ్యే ఖర్చు) ఇస్తున్నారా, రూఫ్‌కి మాత్రం యాక్చువల్ క్యాష్ వాల్యూ (పాతబడినంత తగ్గించిన విలువ) అని పెట్టారా? టెక్సస్ వడగళ్లకి పదిహేనేళ్ల రూఫ్ పోతే ఈ రెండింటికీ తేడా వేల డాలర్లు. విండ్ అండ్ హెయిల్ డిడక్టబుల్ (గాలి, వడగళ్ల నష్టంలో మీరు భరించాల్సిన వాటా) ఎంత శాతం? ఇల్లు పాడై అద్దె ఆగిపోతే ఆ నష్టం ఇస్తారా? లయబిలిటీ (మీమీద దావా పడితే ఇచ్చే కవరేజీ) ఎంత? మీ సామాను అక్కడ ఏదైనా వదిలేస్తే దానికి కవరేజీ ఉందా? అద్దెవాళ్లు హెచ్‌ఓ-4 (అద్దెవాళ్ల పాలసీ) తీసుకోవాలని లీజులో రాయండి.

మారే రోజు జాగ్రత్త. కొత్త పాలసీ మొదలయ్యే తేదీ, పాతది రద్దయ్యే తేదీ ఒకటే ఉండాలి. కొత్తదాంట్లో మార్ట్‌గేజీ క్లాజ్ (పాలసీలో లోన్ ఇచ్చినవాళ్ల పేరుండే చోటు) కింద సర్వీసర్ పేరు, లోన్ నంబర్ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. లేకపోతే ఇన్సూరెన్సే లేదనుకుని వాళ్లే ఖరీదైన ఫోర్స్-ప్లేస్డ్ పాలసీ తగిలిస్తారు. దానికి 45 రోజుల ముందు నోటీసు పంపాలి, కానీ అది మీ పాత చిరునామాకి వెళ్తుంది.

మీరు వెళ్లాక అద్దెవాళ్లు వచ్చేదాకా ఇల్లు ఖాళీగా ఉంటుంది కదా. వరసగా 60 రోజులు దాటితే వాండలిజం లాంటి వాటికి కవరేజీ ఆపేసే పాలసీలు చాలా ఉన్నాయి, కొన్నింట్లో 30 రోజులే. ఎన్ని రోజులో మీ పాలసీలో చూసుకోండి.

హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉండే ఇంటికి ప్రాపర్టీ ట్యాక్స్ మినహాయింపు) పెట్టి ఉంటే, హక్కు పోయాక వచ్చే మే 1 లోపు పన్ను కోసం ఇంటి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఊరుకుంటే ఐదేళ్ల వెనకటి దాకా పన్ను తిరగేసి వేయొచ్చు. స్కూల్ ట్యాక్స్‌లో 1,40,000 డాలర్ల మినహాయింపు, విలువ ఏటా 10 శాతం మించి పెరగకూడదన్న పరిమితి రెండూ పోతాయి. ఇది నేరుగా ఎస్క్రోకి (పన్ను, ఇన్సూరెన్స్ కోసం నెలవారీ పేమెంట్‌లో కలిపి తీసుకునే డబ్బు) తగులుతుంది. మొదటి ఏడాది లోటు, పెరిగిన పన్ను కలిసి నెలవారీ పేమెంట్ ఒక్కసారిగా పెరుగుతుంది. అద్దె ఎంత చెప్పాలో ఇప్పటి పేమెంట్ చూసి కాకుండా, మినహాయింపు లేని పన్ను వేసుకుని లెక్కగట్టండి.

కొత్తిల్లు

చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. పిల్లాడి స్కూలు వల్ల మా ఆవిడ డిసెంబరు చివరిదాకా ఇక్కడే ఉండొచ్చు. దాంతో ఏమైనా మారుతుందా? ట్యాక్స్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

లెక్కలమాస్టారు

మారుతుందండీ. లోన్ మీద ఉన్నవాళ్లలో ఒకరు సొంత నివాసంగా ఉంటే ఫ్యానీ మే లెక్కలో అది ప్రైమరీ రెసిడెన్సే. ఆవిడ పేరు లోన్ మీద ఉంది కాబట్టి డిసెంబరు దాకా ఏ ఇబ్బందీ లేదు. అనుమతి ఉత్తరంలో తేదీ జనవరి 1 అని రాయండి. జవాబు రావడానికి టైము కూడా దొరుకుతుంది. ఇంకో నాలుగు నెలలు లాగగలిగితే ఏప్రిల్ 20 దాటిపోతుంది, అనుమతి అవసరమే ఉండదు.

ఎల్‌ఎల్‌సీ పేరుకి మార్చడం ఇప్పుడు వద్దు. టైటిల్ (యజమాని పేరు) మారితే డ్యూ-ఆన్-సేల్ క్లాజ్, అంటే లోన్ మొత్తం ఒకేసారి కట్టమనే హక్కు, లేస్తుంది. 1982 నాటి గార్న్-సెయింట్ జర్మేన్ చట్టంలో ఇచ్చిన మినహాయింపుల్లో ఎల్‌ఎల్‌సీ లేదు. ఫ్యానీ మే కొన్ని లోన్లకి అనుమతిస్తుంది గానీ, ఆక్యుపెన్సీ షరతు తీరాకే. మీ భయం దావాల గురించైతే లయబిలిటీ పెంచి పైన అంబ్రెలా పాలసీ (అదనపు లయబిలిటీ కవరేజీ) తీసుకోండి. అదే చట్టంలో మూడేళ్లకు మించని, కొనుగోలు ఆప్షన్ లేని లీజుకి మినహాయింపు ఉంది. కాబట్టి "రెంట్ టు ఓన్" (అద్దెకుంటూ తర్వాత కొనుక్కునే ఒప్పందం) జోలికి పోకుండా ఏడాది లీజు రాయండి. అయితే ఆ మినహాయింపు డ్యూ-ఆన్-సేల్‌కి సంబంధించింది. దాన్ని చూపించి 6వ సెక్షన్ ఎగ్గొట్టలేరు.

ట్యాక్స్‌లో డిప్రీసియేషన్ (ఇంటి అరుగుదలని ఏటా ఖర్చుగా చూపడం) ముఖ్యం. స్థలం విలువ తీసేసి బిల్డింగ్ విలువని 27.5 ఏళ్లకి పంచాలి. ఉదాహరణకి ఇల్లు 4,80,000 డాలర్లు, అందులో స్థలం 1,00,000 అనుకుందాం. 3,80,000ని 27.5తో భాగిస్తే ఏడాదికి సుమారు 13,818. జనవరిలో మొదలుపెడితే మొదటి ఏడాది పదకొండున్నర నెలలకే వస్తుంది, ఎందుకంటే మొదలైన నెలకి సగమే లెక్క. మొదలయ్యేది అద్దెవాళ్లు దిగిన రోజున కాదు, ఇల్లు సిద్ధం చేసి అద్దెకుందని ప్రకటించిన రోజున. అద్దెకిచ్చే నాటికి మార్కెట్ విలువ మీరు కొన్న ధర కన్నా తగ్గి ఉంటే ఆ తక్కువ విలువే తీసుకోవాలి. డిప్రీసియేషన్ వేసుకోకపోయినా అమ్మేటప్పుడు వేసుకున్నట్టే లెక్కగట్టి 25 శాతం దాకా పన్ను వేస్తారు. కాబట్టి వదిలేయొద్దు.

నష్టం చూపించి జీతం మీద పన్ను తగ్గించుకుందామనుకుంటే, 25,000 డాలర్ల ఆ వెసులుబాటు మాడిఫైడ్ ఏజీఐ (పన్ను లెక్కలో సర్దుబాటు చేసిన ఆదాయం) 1,00,000 దాటితే తగ్గుతూ 1,50,000కి పూర్తిగా పోతుంది. ఆ పైన ఉన్నవాళ్లకి నష్టం పోదు, ముందుకి జమవుతుంది.

అమ్మే ఆలోచన పూర్తిగా మానేసేముందు ఇది చూడండి. ఐదేళ్లలో రెండేళ్లు నివసిస్తే దంపతులకి 5,00,000 డాలర్ల లాభం దాకా పన్ను లేదు. మీకు రెండేళ్లు కాలేదు, కానీ ఉద్యోగం వల్ల మారితే, కొత్త పనిచోటు ఇంటి నుంచి పాతదానికన్నా కనీసం 50 మైళ్లు ఎక్కువ దూరముంటే, ఉన్న రోజుల నిష్పత్తిలో మినహాయింపు వస్తుంది. ఏప్రిల్ 20 నుంచి నవంబరు 1కి 195 రోజులు. 730 రోజులకి 195 అంటే సుమారు 1,33,500 డాలర్లు. ఏడాదిలోపు ఇంటి విలువ అంత పెరగదు కాబట్టి మీకిది చాలు. కానీ రెండేళ్లు అద్దెకిచ్చి తర్వాత అమ్మితే "ఉద్యోగం వల్లే అమ్మాను" అని నిలబెట్టడం కష్టం.

సియాటెల్‌లో ఇల్లు కొనేటప్పుడు ఈ అద్దెలో 75 శాతమే ఆదాయంగా లెక్కేస్తారు. సంతకాలైన లీజు, డిపాజిట్, అద్దె బ్యాంకులో పడ్డ స్టేట్‌మెంట్లు అడుగుతారు. క్యాష్ తీసుకోవద్దు.

కృష్ణాతీరం

ఒకటి మర్చిపోయా. టెక్సస్‌లో అద్దెవాళ్లు మారిన 7 రోజుల్లోపు తాళాలు రీకీ చేయాలి (పాత తాళంచెవులు పనిచేయకుండా మార్చాలి), ఖర్చు ఓనర్‌దే. మీరు సియాటెల్ వెళ్లాక దూరం నుంచి ఏర్పాటు చేయడం ఇబ్బంది. మీ ఆవిడ తాళాలు అప్పగించే రోజుకే లాక్‌స్మిత్‌ని పిలిపించుకోండి. సర్వీసర్ దగ్గర మెయిలింగ్ అడ్రస్ మాత్రం అనుమతి ఉత్తరం చేతికందిన తర్వాతే మార్చండి.