పాత ఫ్రెంచి రచనల్లో, గీసిన చిత్రాల్లో రైతుల మాట, సామాన్య స్త్రీల మాట వినిపిస్తుందా?

ప్రశ్న:
సినిమాల గురించి మాట్లాడేటప్పుడు మనం రోజూ వాడే ‘విలన్’ అనే మాటకు మూలం పాత ఫ్రెంచి ‘విలేన్’ అనీ, దానికి మొదట్లో పల్లెటూరి రైతు అని మాత్రమే అర్థమనీ ఈమధ్య తెలిసి మనసు చివుక్కుమంది. 12 నుంచి 15వ శతాబ్దం వరకు ఫ్రెంచి సాహిత్యంలో గానీ చిత్రాల్లో గానీ రైతులను, సామాన్య స్త్రీలను నవ్వులాటకు కాకుండా మనుషులుగా చూపిన సందర్భాలు ఉన్నాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
ఉన్నాయి, అయితే అవహేళన మధ్యలోంచే వాటిని ఏరుకోవాలి. 13వ శతాబ్దపు ‘ఒకాసేన్, నికొలెత్’ కథలో, ప్రియురాలి కోసం అడవిలో ఏడుస్తూ తిరిగే దొరబిడ్డకు ఒక పాలేరు ఎదురవుతాడు. బొగ్గును మించిన నల్లటి తల, పచ్చటి పళ్లు అంటూ అప్పటి ఆనవాయితీ ప్రకారం అతణ్ని వికారంగానే వర్ణించారు. దొరబిడ్డ తన వేటకుక్క తప్పిపోయిందని అబద్ధం చెప్పగానే అతనికి కోపం వస్తుంది. ధనిక రైతు దగ్గర నాలుగెడ్ల నాగలి తోలే తాను అందులో మేలైన ఎద్దును పోగొట్టుకున్నాననీ, మూడు రోజులుగా తిండీ నీళ్లూ లేకుండా వెతుకుతున్నాననీ, తన తల్లి కింద ఉన్న ఒక్క పరుపునూ లాగేసుకోవడంతో ఆమె వట్టి గడ్డిమీద పడుకుంటోందనీ, తనకన్నా ఆమె కోసమే ఎక్కువ బాధగా ఉందనీ చెబుతాడు. ఆ ఎద్దుకు కట్టవలసిన వెల 20 సూలు (సూ అప్పటి ఫ్రెంచి నాణెం). ఆ కాలపు సాహిత్యంలో ఇంత నిండైన కూలివాడి గొంతు నాకు మరెక్కడా వినిపించలేదు.

రెండవ జవాబు:
స్త్రీల విషయంలో, క్రెతియేన్ ద త్రువా 12వ శతాబ్దంలో రాసిన ‘యివేన్’ కావ్యాన్ని తప్పక చూడాలి. అందులో ఒక కోటలో 300 మంది కన్యలు బందీలుగా పట్టు నేస్తుంటారు. ఎల్లకాలం పట్టు నేసినా తమ ఒంటికి మంచి బట్ట దక్కదనీ, ఒక లీవ్రు విలువైన పనికి తమ చేతికి వచ్చేది 4 దెనియేలేననీ వారు మొరపెట్టుకుంటారు. అప్పటి డబ్బు లెక్కలో లీవ్రుకు 20 సూలు, అంటే 240 దెనియేలు. ఆ లెక్కన పైన చెప్పిన ఎద్దు వెల సంపాదించాలంటే ఒక్కొక్కరూ 60 లీవ్రుల పని చేయాలి. కథ ప్రకారం వాళ్లు కప్పంగా వచ్చినవాళ్లే అయినా, ఆ మొర మాత్రం నేత కూలీలదే.

మూడవ జవాబు:
చిత్రాలను చూసేటప్పుడు అవి ఎవరి కోసం గీసినవో మరవకూడదు. బెర్రీ ప్రభువు కోసం లాంబూర్ సోదరులనే చిత్రకారులు 1412–1416 ప్రాంతంలో చిత్రించిన, నెలకో బొమ్మ ఉన్న ప్రార్థనా గ్రంథం ఇప్పుడు ఫ్రాన్సులోని షాంతియీలో ఉంది. జూన్ పుటలో, పారిస్ రాజప్రాసాదం ఎదుట వట్టి కాళ్లతో ఎండుగడ్డి పోగుచేసే ఆడవాళ్లను ఎంతో ఆప్యాయంగా గీశారు. ఫిబ్రవరి పుటలో చలి కాచుకుంటున్న ఇల్లాలు లంగా కొద్దిగా మాత్రమే పైకెత్తి కూర్చోగా, ఆమె వెనక ఉన్న పనివాళ్లిద్దరి మర్మావయవాలు సైతం కనిపిస్తాయి. అది ప్రభువు చూపు.

కవి ఫ్రాన్స్వా వియోన్ 1461–62 ప్రాంతంలో తన తల్లి ప్రార్థనగా రాసిన పద్యంలో, బొమ్మను చూసేది పేదరాలు. తాను ఏమీ తెలియని ముసలిదాన్ననీ, ఒక్క అక్షరమైనా చదవలేదనీ చెప్పుకునే ఆమె, తమ చర్చిలో చిత్రించిన హార్పులనే తంతివాద్యాలున్న స్వర్గాన్నీ, పాపులు ఉడుకుతున్న నరకాన్నీ చూసి, ఒకటి భయపెడుతోందనీ మరొకటి సంతోషపెడుతోందనీ మేరీమాతకు చెప్పుకుంటుంది.